తహ్వీల్ అన్న మాట

జడ్చర్ల దగ్గరి ఒక మందుల కంపెనీలో, మాత్రల నాణ్యత చూసే ల్యాబులో అతియా పనిచేస్తుంది. హాజరు పట్టీలో ఆమె పేరు అతియా. నోళ్లలో మాత్రం మల్లోపారి మేడం. ఏ పరీక్ష చేసినా, ఫలితం ఎంత సాఫీగా వచ్చినా, ముందుగా ఆమె అనే మాట "మల్లోపారి చూద్దాం" అనే. ఒకసారి కొలిచింది రెండోసారి కొలుస్తుంది. రెండోసారి కొలిచింది పక్కవాళ్ల చేత కొలిపిస్తుంది. అందరూ టిఫిన్ డబ్బాలు విప్పుకున్నాక కూడా ఆమె గాజు గొట్టం ముందు కళ్లు చికిలించుకుని నిలబడి ఉంటే, కొత్తగా చేరిన సుస్మిత నవ్వాపుకోలేక బయటికి పారిపోతుంది. నవ్వుకోనివ్వండి, ఆ పిల్లకేం తెలుసు.

ఇంకో సంగతి కూడా వాళ్లు కనిపెట్టారు. ఆమె ఫలితాన్ని నోటితో చెప్పదు. ఎంత పెద్ద ఆఫీసరు వచ్చి అడిగినా కాగితం మీద రాసి ముందుకి జరుపుతుంది. నోట్లో ముత్యాలున్నాయా మేడం అని ఆటపట్టిస్తే ఆ కాగితాన్నే ఇంకొంచెం ముందుకి జరుపుతుంది. "ఉల్టా" అన్న మాట ఎవరి నోట వచ్చినా ఆమె చేతిలో పని ఠక్కున ఆగిపోతుంది. ఉల్టా అనకుండా జడ్చర్లలో ఒక్క పూట గడవదు కాబట్టి ఆ చెయ్యి రోజుకి పది సార్లైనా ఆగుతుంది. ఎందుకని అడిగితే నరం పట్టేసింది అంటుంది.

ఏడేళ్ల కిందట ఆమెకి వేరే పేరుండేది. అప్పుడు ఆమెని అందరూ కీ అని పిలిచేవాళ్లు. పరీక్ష అయ్యాక జవాబులు సరిచూసుకునే కాగితాన్ని పిల్లలు కీ అంటారు కదా, ఆ కీ. ఇంటర్ కాలేజీలో ఏ పరీక్ష జరిగినా, గేటు బయట అతియా చుట్టూ గుంపు చేరేది. అతియా అవునంటే అవును, కాదంటే కాదు. పదిహేడేళ్ల పిల్లకి అంత పెత్తనం ఇవ్వకూడదు. ఇస్తే ఎవరికైనా తలకెక్కుతుంది, ఆమెకీ ఎక్కింది.

ఆమె తండ్రి అహ్మద్ అలీ బస్టాండు వెనక సందులో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. తల్లి లాడ్లీ బేగం గడప దాటదు, కానీ వీధిలో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో చెప్పగలదు. పదో తరగతి దాకా అతియా చదువు ఉర్దూ మీడియంలో సాగింది. ఇంటర్లో చేరిన కాలేజీలో ఉర్దూ లేదు, తెలుగే. తెలుగు మాట్లాడటం ఆమెకి కొత్త కాదు, పుట్టినప్పటి నుంచీ వీధి నిండా తెలుగే. కెమిస్ట్రీ పుస్తకంలోని తెలుగు మాత్రం వేరే ఏదో ఊరి నుంచి దిగినట్టు ఉండేది. ఆక్సీకరణం, క్షయకరణం అనాల్సి వచ్చినప్పుడు నాలుక మడతపడి క్లాసంతా గొల్లుమనేది.

నవ్వకుండా నేర్పింది మనీష ఒక్కతే. కల్వకుర్తి రోడ్డు మీద, జడ్చర్ల నుంచి ముప్పావు గంట దూరంలో ఉన్న పల్లె ఆమెది. తండ్రి సైదులు ఆ ఊరి సుంకరి, అంటే రెవెన్యూ కాగితాలు మోసి, పై ఆఫీసర్ల వెంట పొలాలు తిరిగే చిన్న నౌకరి. తల్లి అరుణమ్మ కూలికి పోయేది. ఆ ఇంట్లో ఇంటర్ దాకా వచ్చిన మొదటి మనిషి మనీషే. బెంచీ మీద అతియా పక్కన కూర్చుని ఒక్కో తెలుగు మాటనీ విడగొట్టి చెప్పేది. బదులుగా అతియా లెక్కలు చేసిపెట్టేది, తన ఉర్దూ మాటలు నేర్పేది. ఆక్సీకరణానికి తక్సీద్ అనీ, క్షయకరణానికి తహ్వీల్ అనీ నేర్పిన రోజున మనీష వాటిని రహస్య భాషగా పెట్టుకుందామంది. కెమిస్ట్రీ లెక్చరర్ రామచంద్రయ్య సారుకి ఉర్దూ రాదు. ఆయన వెనకాల ఆ మాటలతో ఏం గుసగుసలాడుకున్నా, సారు మాత్రం ఈ ఇద్దరూ సబ్జెక్టే మాట్లాడుకుంటున్నారని మురిసిపోయేవాడు.

రెండో ఏడాది మార్చిలో కెమిస్ట్రీ పేపరు వచ్చింది. అది ఆఖరి పెద్ద పరీక్ష, అదే కష్టంగా వచ్చింది. మొదటి పేజీ చూసి ఒక పిల్ల కళ్లు తిరుగుతున్నాయని మంచినీళ్లు అడిగింది. పన్నెండు గంటలకి గేట్లు తెరిచేసరికి ఎవరి మొహంలోనూ నెత్తురు లేదు. పరీక్ష అట్టలు నెత్తి మీద పెట్టుకుని, ఎండకి కాళ్లు కాలుతున్నా, అందరూ ఎదురుగా ఉన్న చెరుకురసం బండి నీడకి చేరారు.

రాసేసిన పరీక్షని మళ్లీ నోటితో రాయడమెందుకో ఎవరికీ తెలియదు. ఇచ్చేసిన పేపరు ఇచ్చేసినట్టే, గేటు బయట ఎంత గొంతు చించుకున్నా అందులో ఒక్క అక్షరం మారదు. అయినా పుండుని గోక్కున్నట్టు గోక్కుంటారు. ఒక్కొక్కరూ తమ జవాబు చెప్పడం, అతియా తల ఊపడం లేదా పెదవి విరవడం. తల ఊపినవాళ్లు రసం తాగారు. పెదవి విరిచినవాళ్లు గ్లాసు పట్టుకుని నిలబడ్డారు.

మనీష వంతు వచ్చింది. ఎనిమిది మార్కుల ప్రశ్న డేనియల్ ఘటం గురించి. జింకు కడ్డీ, రాగి కడ్డీ, మధ్యలో తీగ. జింకు ఎలక్ట్రాన్లు ఇస్తుంది, రాగి దగ్గరి అయాన్లు వాటిని పుచ్చుకుంటాయి. ఇవ్వడం ఆక్సీకరణం, పుచ్చుకోవడం క్షయకరణం. ఆ ప్రశ్నకి తెలియాల్సిందల్లా ఇంతే, ఎవరిస్తారు, ఎవరు పుచ్చుకుంటారు. దాని మీదే ఇంకో నాలుగు మార్కుల ప్రశ్న కూడా వచ్చింది.

చుట్టూ అంతమంది ఉన్నా మనీష పాత అలవాటుగా, కొంచెం నవ్వుతూ, తమ రహస్య భాషలో చెప్పింది.

"జింకు తహ్వీల్ చేస్తదని రాసిన. బొమ్మ గూడ సాఫ్‌గ ఏసిన."

అతియా చెవికి తహ్వీల్ అంటే పుస్తకంలో మాట. తహ్వీల్ అంటే క్షయకరణం, పుచ్చుకోవడం. జింకు పుచ్చుకుంటుందని రాసిందన్నమాట. ఆమె ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"ఉల్టా రాసినవ్ మనీషా. మొత్తం ఉల్టానే. ఎన్మిది పాయె, దాని మీద నాలుగు గూడ పాయె."

మనీష వాదించలేదు. కీ చెప్పాక వాదించడమేమిటి. వేళ్ల మీద లెక్క వేసుకుంది. ఎంత గట్టిగా దిద్దినా ముప్పై రెండు వస్తాయనుకుని బయటికి వచ్చింది. పన్నెండు పోతే ఇరవై. పాసుకి ఇరవై ఒకటి కావాలి. ఇంకో రెండుసార్లు లెక్కపెట్టి, "ఒక్కటే తక్కువ పడుతది గదా" అని నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది.

ఇక్కడొక విషయం దాచకుండా చెప్పాలి, ఎందుకంటే అతియా దాన్ని ఇప్పటికీ తన దగ్గర తాను దాచుకోలేకపోతోంది. ఆ క్షణంలో ఆమెకి జాలి కలిగింది, నిజమే. కానీ జాలి కంటే ముందు, తాను సరిగ్గా రాశానన్న సంతోషం కలిగింది. ఆ సంతోషం పోకుండా ఉండటానికే కాబోలు, మనీష భుజం తట్టి, సప్లిమెంటరీ ఉంది కదా, ఫికర్ చేయకు అని చెప్పి ఇంటికి వెళ్లిపోయింది. పన్నెండున్నర బస్సు వచ్చింది. మనీష ఊరి పిల్లలు ఇద్దరు ఎక్కి పిలిచారు. ఈ మొహంతో ఎక్కను, తర్వాత వస్తానంది. తర్వాత బస్సు లేదు. చాలాసేపు ఆ నీడలోనే కూర్చుని, చివరికి మిర్చి కోతకి పోయి వస్తున్న ఆడవాళ్లతో నిండిన ఆటోలో అంచు మీద ఇరుక్కుని కూర్చుంది. ఊరికి రెండు మైళ్లు ఉందనగా, రోడ్డు కింద నీళ్లు పారే మోరీ దగ్గర ఆటో బోల్తా పడింది. తక్కిన వాళ్లకి చేతులు, కాళ్లు విరిగాయి. ప్రాణం పోయింది మనీషకొక్కదానికే.

పక్కన కూర్చున్న కృష్ణమ్మ అనే ఆమె బతికింది. ఆ పిల్ల దారి పొడుగునా ఏడ్చిందనీ, ఏమైందే అంటే పరీక్ష పోయింది చిన్నమ్మా అన్నదనీ ఊరందరికీ ఆమే చెప్పింది. అరుణమ్మకి ఆ మాటే మిగిలింది. బిడ్డ పోయిన దుఃఖం ఒకటి, ఏడుస్తూ పోయిందన్న దుఃఖం ఇంకొకటి. రెండోదే ఆమెని ఎక్కువ తినేసింది.

పదకొండో రోజు దినాలకి అతియా తండ్రితో కలిసి ఆ ఊరు వెళ్లింది. అప్పటిదాకా ఆమె మనసులో ఉన్నది దుఃఖమే. తప్పు చేశానన్న ఆలోచన లేదు. ఉన్న మాటే కదా చెప్పింది. వాకిట్లో చుట్టాలకి నీళ్ల గ్లాసులు అందిస్తోంది. తహసీలు ఆఫీసు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, సైదులు పక్కన కూర్చుని కాసేపు ఊరడించి, మెల్లగా ఆఫీసు సంగతి కదిపాడు. పొలాల లెక్కలుండే పహాణీ కాగితాలు ఇంకా నీ దగ్గరే ఉన్నాయా అని అడిగాడు.

సైదులు తల ఎత్తకుండానే చెప్పాడు. "నా తాన లెవ్వు సారు. మొన్ననే గిర్దావరు సారుకు తహ్వీల్ చేసిన."

అతియా చేతిలో గ్లాసు ఒలికి కాళ్లు తడిశాయి. సైదులుది తాత నాటి నుంచీ సుంకరి ఇల్లు. నిజాం నాటి రెవెన్యూ కచేరీ మాటలు ఆ ఇంట్లో చెంబూ తట్టల్లా వాడకంలో ఉండేవి. తహ్వీల్ చేయడమంటే ఆ ఇంట్లో అప్పజెప్పడం, తన చేతిలోది అవతలి చేతిలో పెట్టడం. మొదటి ఏడాది నేర్పిన పుస్తకం అర్థం మనీష ఎప్పుడో మరిచిపోయింది, మాట మాత్రం ఇంట్లో రోజూ వినే మాట. జింకు తహ్వీల్ చేస్తుందంటే జింకు ఇస్తుందని. ఆమె రాసింది నూటికి నూరు పాళ్లు సరైన జవాబు. జవాబు పత్రంలో చక్కటి తెలుగులో రాసి, స్నేహితురాలికి ప్రేమగా ఉర్దూలో చెప్పింది.

అరుణమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. అతియాని దగ్గరికి పిలిచి గడ్డం పట్టుకుంది. "నువ్వు పక్కనే ఉంటివి గద బిడ్డా. ఎందుకు ఏడ్సింది?"

"తెల్వదమ్మా" అంది అతియా.

ఆ అబద్ధం ఆమె ఆడాలని ఆడింది కాదు. నోరు దానంతట అదే అనేసింది. ఇంటికి పోయి రెండు రోజులు అన్నం ముట్టలేదు. లాడ్లీ బేగం దర్గా నుంచి తాయెత్తు తెప్పించి కట్టింది. వచ్చే వారం వెళ్లి చెప్పేద్దామనుకుంది. వారాలు జరిగిపోయి ఫలితాలు వచ్చాయి. మొదటి పరీక్ష రోజున, పోగొట్టుకుంటానేమోనన్న భయంతో, మనీష తన హాల్ టికెట్ నంబరు అతియా అట్ట మీద కూడా రాసి పెట్టింది. అతియా ముందు ఆ నంబరే కొట్టింది. కెమిస్ట్రీ ముప్పై తొమ్మిది. అన్నింట్లో పాసు. ఘటం ప్రశ్న ఉల్టా రాసినవాళ్లకి ఆ పేపర్లో ముప్పై తొమ్మిది రావు.

ఆ సాయంత్రమే సైదులు ఫోన్ చేశాడు. బిడ్డ హాల్ టికెట్టు ఆ మోరీలోనే పోయిందనీ, కాలేజీకి వెళ్లి చనిపోయిన పిల్ల మార్కులు అడగడానికి తనకి కాళ్లు రావడం లేదనీ, నంబరు నీకేమన్నా తెలుసా అనీ అడిగాడు. అతియా ఒళ్లో అట్ట ఉంది. దాని మీద నంబరు ఉంది. నంబరు చెబితే ముప్పై తొమ్మిది బయటపడుతుంది, మరి ఎందుకు ఏడ్చిందంటారు. ఏడిపించింది నేనేనని చెప్పాలి. "నంబర్ తెల్వది కాకా" అంది. సరే బిడ్డా అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

తర్వాత ఆమె ఆ ఊరి వైపు వెళ్లలేదు. మహబూబ్‌నగర్లో డిగ్రీ చదివింది, అదీ కెమిస్ట్రీనే. వదిలేద్దామనుకుంది, వదల్లేకపోయింది. వదిలేస్తే మనీషని మళ్లీ ఆ నీడలో ఒంటరిగా కూర్చోబెట్టి వచ్చినట్టు అనిపించింది. ఉద్యోగంలో చేరాక ఆ పిల్ల ఇంకా దగ్గరికి వచ్చింది. గాజు సామాను కడుగుతుంటే పక్క కుళాయి దగ్గర నిలబడి ఉండేది. అతియా ఆమెతో మనసులో గొడవపడేది. ఇస్తది అని సీదా చెప్పొచ్చు కదే, నీకెందుకే నా భాష అని తిట్టేది. చచ్చిపోయిన పిల్ల మీద కోపం వచ్చిందే అని మళ్లీ ఏడ్చేది. మనీష ఎప్పుడూ ఒకే మాట అనేది. మల్లోపారి అడగకపోతివి.

ఏటా మార్చిలో కెమిస్ట్రీ పేపరు ఏ రోజో కనుక్కుని, ఆ రోజు పరీక్ష కేంద్రం ఉన్న వీధి తొక్కకుండా చుట్టూ తిరిగి పోవడం అలవాటు చేసుకుంది. ఈ ఏడాది ఆ రోజు వారపు సెలవు పడింది. తల్లి కంటిలో వేసే చుక్కల మందు అయిపోయింది, అది దొరికే దుకాణం ఆ వీధిలోనే ఉంది. పన్నెండు దాటకముందే వచ్చేద్దామని బయల్దేరింది. దుకాణంలో ఆలస్యమైంది.

బయటికి వచ్చేసరికి గుంపులు. చెరుకురసం బండి స్థానంలో ఇప్పుడు మొబైల్ కవర్ల బండి ఉంది. దాని నీడలో అట్టలు నెత్తిన పెట్టుకున్న పిల్లలు, మధ్యలో ఒక కీ. ఈ కాలపు కీ జీన్స్ వేసుకుంది, చేతిలో ఫోనుంది. తప్పే, మొత్తం తప్పే అంటోంది. ఎదురుగా బక్కపల్చటి పిల్ల ఒకతి గోడకి ఆనుకుని జారి కూర్చుంది.

అతియా కాళ్లు వెనక్కే పోదామన్నాయి. ఆమె ముందుకే నడిచి, పెన్ను తీసి, మందుల సంచి మీద పెట్టి ఆ పిల్లకి ఇచ్చింది. నోటితో చెప్పకు, పేపర్ల ఏం రాసినవో గదే దీని మీద రాయి అంది. పిల్ల ముక్కు తుడుచుకుంటూ రాసింది. అతియా చదివింది. రెండోసారి చదివింది. జవాబు నిజంగానే తప్పు.

తప్పయినా ఒప్పయినా ఇప్పుడు చేయాల్సింది ఒకటేనని ఆమెకి అప్పుడు తెలిసింది. ఏ ఊరమ్మా నీది, ఏ బస్సు అని అడిగింది. పిల్ల పేరు స్నేహలత. అది కల్వకుర్తి బస్సే. బస్సు వచ్చేదాకా పక్కన కూర్చుంది, వచ్చాక చెయ్యి పట్టి ఎక్కించి తానూ ఎక్కింది. స్నేహలత వింతగా చూసి, జరిగి చోటిచ్చింది. దారిలో కాసేపు ఏడ్చి, కాసేపు కునికి, తన ఊరి స్టేజీ దగ్గర దిగి, మళ్లీ వెనక్కి తిరిగి చెయ్యూపింది. అతియా దిగలేదు. కండక్టర్ వచ్చి ఎక్కడికని మళ్లీ అడిగితే మనీష ఊరి పేరు చెప్పింది. ఏడేళ్లలో ఆ పేరు ఆమె నోటితో అనడం అదే మొదటిసారి.

మోరీ వచ్చినప్పుడు కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఊరు వచ్చింది.

అరుణమ్మ వాకిట్లో కూర్చుని పల్లికాయ ఒలుస్తోంది. గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. పట్టాక మొహం వెలిగింది. చాప వేసింది, నీళ్లిచ్చింది, ఇంత చిక్కిపోయావేమని గదమాయించింది, దోసెడు గింజలు ఒళ్లో పోసింది. ఏడేళ్లు ఎందుకు రాలేదని ఒక్క మాట అనలేదు. అతియా కాకా ఏడని అడగబోయి గోడ వైపు చూసింది. మనీష ఫోటో పక్కన ఇంకో ఫోటో ఉంది. దానికి కూడా దండ ఉంది.

సుంకర్లని వేరే శాఖల్లో సర్దిన ఏడాదే సైదులుకి కిడ్నీలు చెడిపోయాయని అరుణమ్మ చెప్పింది. పోయి రెండేళ్లయింది. మహబూబ్‌నగర్ దవాఖానలో నెల రోజులున్నాడట. చెప్పినంతసేపూ ఆమె చేతులు ఒలుస్తూనే ఉన్నాయి.

అతియా వచ్చిన పని అప్పుడు చెప్పింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తహ్వీల్ అన్న మాట దగ్గర మొదలుపెట్టింది. ఉర్దూ పుస్తకంలో దాని అర్థం, ఈ ఇంట్లో దాని అర్థం, చెరుకురసం బండి నీడ, ఉల్టా అన్న మాట, వేళ్ల మీద లెక్క, అన్నీ చెప్పింది. నా వల్లే ఏడ్చిందమ్మా అంది. అది తప్పు రాయలే, నేనే తప్పు విన్న అంది. మార్కులు కూడా చెప్పింది.

అరుణమ్మ ఒలవడం ఆపింది. "ముప్పై తొమ్మిదా? అంటే పాసేనా?"

"పాసే అమ్మా. అన్నిట్ల పాసు."

అరుణమ్మ మొహంలో ఒక క్షణం పాటు కనిపించింది సంతోషమే. గోడ మీది బిడ్డ ఫోటో వైపు చూసి, కొంగుతో నోరు మూసుకుని నవ్వింది. ముప్పై తొమ్మిది అని తనలో తానే రెండుసార్లు అనుకుంది. మాట కలవక ఎవరైనా పొరపాటు పడతారనీ, చిన్నపిల్లవి నీకేం తెలుసనీ అతియా తల నిమిరింది. అతియా ఏడేళ్లుగా మోస్తున్న బరువుని ఆమె అంత సులువుగా దించి పక్కన పెట్టింది. ఇంతేనా, ఇంత తేలికా అని అతియా గుక్కపట్టి ఏడ్చింది.

ఏడుపు తగ్గాక అరుణమ్మ అడిగింది. "నీకు గీ మార్కులు ఎప్పుడు తెల్సినయి బిడ్డా?"

"అప్పుడే అమ్మా. రిజల్ట్ వచ్చిననాడే."

"ఆయన నీకు ఫోన్ చేసినంక తెల్సిందా, ముంగటనా?"

అబద్ధానికి ఇంకొక్కసారి చోటు దొరికింది. అతియా ఆ చోటులోకి పోలేదు. "ముందే అమ్మా" అంది.

అరుణమ్మ ఇంకో కాయ తీసి ఒలిచింది. తర్వాత కోపం లేకుండా, వేరే ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పింది. "దవాఖానల ఆఖరి వారం దినాం గదే అడిగిండు. పిల్ల పాసయిందా, ఫేలయిందా, ఎవలనన్న అడగపోతివి అని. సూది పెట్టంగ గూడ గదే మాట. నాకు ఎవల్ని అడగాల్నో తెల్వకపాయె. ఆయనను ఊకుంచనీకె నేనే జెప్పిన. ఫేలయింది తియ్యి, ఇగ అడగకు అని. మల్ల అడగలే. రెండు దినాలకు పోయిండు."

చెరుకురసం బండి దగ్గర జరిగింది పొరపాటు. పొరపాటుని ఈ తల్లి క్షమించేసింది. ఇన్నేళ్లూ దాన్నే చూస్తూ కూర్చుని, దాని వెనక పెరుగుతున్న రెండోదాన్ని అతియా చూడనే లేదు. అట్ట ఒళ్లో పెట్టుకుని నంబరు తెలియదన్న రోజున ఆమె తప్పు వినలేదు. సరిగ్గానే విని, సరిగ్గానే అర్థం చేసుకుని చెప్పింది.

అరుణమ్మ లేచి ఒలిచిన గింజలు కవరులో పోసి, మూతి ముడివేసి, అతియా సంచిలో పెట్టింది. మీ అమ్మకి ఇవ్వు అంది. బస్సు నాలుగింటికి ఉంటుందనీ, ఎండలో కాకుండా ఇళ్ల నీడన నడిచి పొమ్మనీ చెప్పింది. వాకిలి దాకా వచ్చింది.

"ఇగ నువ్వు రాకు బిడ్డా" అంది. "నీ మీద కోపం గాదు. నువ్వొస్తే ఆయన మల్ల అడుగుతున్నట్టే ఉంటది. నేను ఏం జెప్పాలె?"

అతియా తల ఊపింది. అరుణమ్మ లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.